ఎక్సోజోమ్ అమృతం కాదు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా చర్మం, జుట్టు క్లినిక్‌ల ప్రకటనల్లో ఇప్పుడు ఒకే మాట మారుమోగుతోంది. ఎక్సోజోమ్. ముఖం మెరవాలంటే ఎక్సోజోమ్, ఊడిన జుట్టు తిరిగి రావాలంటే ఎక్సోజోమ్, మోకాలి నొప్పికి ఎక్సోజోమ్, వయసు వెనక్కి తిప్పడానికి సెలైన్‌లో ఎక్సోజోమ్. కెమెరా ముందు నిలబడేవాళ్లకు ముఖమే బతుకుతెరువు. క్లోజప్‌లో కళ్ల కింద ఒక ముడత కనిపిస్తే హీరోయిన్ వేషం వదినవేషంగా మారిపోయే వృత్తి అది. అందుకే ఆ కుర్చీలో కూర్చునేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు చెబుతున్న మాటల మీదే నా అభ్యంతరమంతా.

ఆ మాటల్ని బలం తగ్గించకుండానే ముందు పెడతాను. ఎక్సోజోమ్‌ను సమర్థించేవారు నాలుగు కారణాలు చెబుతారు. ఒకటి: ఇవి మన ఒంట్లో కణాలు సహజంగా తయారుచేసుకునేవే, కాబట్టి హాని చేయవు. రెండు: స్టెమ్‌సెల్స్ ఎక్కించుకుంటే అవి అదుపు తప్పి పెరుగుతాయేమోనన్న భయం ఉంటుంది, వీటిలో కణమే లేదు కనుక ఆ భయమూ లేదు. మూడు: అమెరికాలో పేరుమోసిన క్యాన్సర్ ఆస్పత్రే వీటితో వైద్యం చేస్తోంది, అంటే సైన్స్ ఒప్పుకున్నట్టే. నాలుగు: ఇంతమంది చేయించుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

నాలుగూ వినసొంపుగానే ఉన్నాయి. ఒక్కటీ నిలబడదు. వాటిని పరీక్షించడానికి నేను ఎంచుకుంటున్న గీటురాయి క్లోమ క్యాన్సర్, అంటే పాంక్రియాస్ క్యాన్సర్. ముఖానికీ క్లోమానికీ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. ఎక్సోజోమ్ అనేది ఎంత పని చేయగలదో, ఎంత చేటు చేయగలదో శాస్త్రవేత్తలు కళ్లారా చూసిన చోట్లలో ముఖ్యమైనది ఆ జబ్బే.

అసలు ఇవేమిటో ముందు చూద్దాం. కణం తన లోపలి సరుకులో కొంత తీసి, కొవ్వు పొరలో చుట్టి బయటికి వదిలే అతిచిన్న తిత్తులు ఇవి. వ్యాసం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. ఒక తల వెంట్రుక మందంలో వందలకొద్దీ పక్కపక్కనే ఇముడుతాయి. లోపల ప్రొటీన్లు, కొవ్వులు, ఆర్ఎన్ఏ ముక్కలు ఉంటాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె రక్తకణాలు ముదిరే దశను గమనిస్తూ 1987లో వీటికి ఎక్సోజోమ్ అన్న పేరు వాడింది. అప్పట్లో చాలామందికి ఇవి కణం ఊడ్చి పారేసే చెత్త. 1996లో గ్రాసా రపోసో బృందం కొన్ని తెల్లకణాలు వదిలే తిత్తులు వేరే రోగనిరోధక కణాల్ని ఉసిగొల్పగలవని చూపింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక కణం ఆర్ఎన్ఏ తిత్తిలో ప్రయాణించి మరో కణంలో పనిచేయగలదని నిరూపించారు. అక్కడితో చెత్త అన్న మాట పోయింది. ఇవి కణాలు ఒకదానికొకటి రాసుకునే ఉత్తరాలని తేలింది.

ఉత్తరం మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. ఎవరు రాశారు, లోపల ఏం రాసి ఉంది, ఎవరి చేతికి చేరుతుంది అని అడుగుతారు. ఎక్సోజోమ్ విషయంలోనూ అడగవలసినవి ఈ మూడే. క్లినిక్ కుర్చీలో మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు.

ఇప్పుడు మొదటి వాదం: సహజమైనది కనుక హానిలేనిది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో డేవిడ్ లైడెన్ బృందం ఎలుకల మీద చేసిన పనిని కాస్త దగ్గరగా చూడండి. క్లోమంలో పుట్టిన క్యాన్సర్ ఎక్కువగా కాలేయానికే పాకుతుంది. క్లోమం నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి వెళుతుంది కనుక క్యాన్సర్ కణాలు కొట్టుకుపోయి అక్కడ చిక్కుకుంటాయని చాలాకాలం అనుకునేవారు. లైడెన్ బృందం చూసిన క్రమం వేరు. క్యాన్సర్ కణం అక్కడికి చేరకముందే దాని ఎక్సోజోమ్‌లు కాలేయానికి చేరాయి. కాలేయంలో కాపలా కాసే కుప్ఫర్ కణాలు వాటిని మింగాయి. ఆ తిత్తుల్లో ఎంఐఎఫ్ అనే ప్రొటీన్ ఉంది. దాని ప్రభావంతో కాపలా కణాలు టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని వదిలాయి. ఆ సంకేతం అందుకున్న పక్క కణాలు ఫైబ్రోనెక్టిన్ అనే జిగురులాంటి ప్రొటీన్‌ను పోగుచేశాయి. ఆ జిగురుకు ఎముక మజ్జ నుంచి వచ్చిన కణాలు అతుక్కున్నాయి. క్యాన్సర్ కణం వచ్చేసరికి కాలేయంలో దానికి చోటు సిద్ధంగా ఉంది. ఈ తిత్తులు ముందుగా ఎక్కించిన ఎలుకల కాలేయంలో క్యాన్సర్ ఎక్కువగా పాకింది. తిత్తుల్లో ఎంఐఎఫ్ లేకుండా చేస్తే ఆ ఏర్పాటే ఆగిపోయింది. మనుషుల రక్తంలోనూ దీని జాడ దొరికింది. తొలిదశలోనే ఉండి తర్వాత కాలేయానికి జబ్బు పాకిన రోగుల ఎక్సోజోమ్‌లలో, పాకనివారితో పోలిస్తే, ఎంఐఎఫ్ ఎక్కువగా ఉంది.

అదే ఏడాది అదే ప్రయోగశాల నుంచి వచ్చిన మరో పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. తిత్తి పైపొర మీద ఉండే ఇంటిగ్రిన్ అనే ప్రొటీన్ రకాన్ని బట్టి అది ఏ అవయవానికి చేరుతుందో చాలావరకు నిర్ణయమవుతుంది. ఒక రకం ఊపిరితిత్తికి, మరో రకం కాలేయానికి. అంటే ఈ తిత్తులు ఎక్కడో ఒకచోట వాలి ఊరికే కరిగిపోయేవి కావు. చేరవలసిన చోటు వెతుక్కుని చేరతాయి, చేరాక అక్కడి కణాల నడవడి మారుస్తాయి.

ఇక్కడ జరిగినదాంట్లో అసహజమైనది ఒక్కటీ లేదు. ప్రయోగశాలలో తయారైన విషం లేదు, బయటి నుంచి వచ్చిన క్రిమి లేదు. ఒంట్లో కణమే రాసింది, ఒంట్లో కణమే చదివింది, ఒళ్లే దెబ్బతింది. సహజం అన్న మాట ఇక భరోసాగా పనికిరాదు. క్యాన్సర్ కూడా మన సొంత కణమే.

రెండో వాదం: కణం లేదు కాబట్టి ప్రమాదం లేదు. దీనికి జవాబు షుగర్ జబ్బు దగ్గర ఉంది. 50 ఏళ్లు దాటాక, కుటుంబంలో ఎవరికీ లేకుండా, ఒళ్లు పెరగకుండా, హఠాత్తుగా షుగర్ వచ్చి దాంతోపాటు బరువు తగ్గిపోతుంటే కొందరిలో దాని వెనక క్లోమ క్యాన్సర్ దాగి ఉంటుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. గడ్డ చిన్నగా ఉండగానే షుగర్ ఎందుకు వస్తుందన్నదే అంతుచిక్కలేదు. 2015లో మేయో క్లినిక్ పరిశోధకులు ఒక దారి చూపించారు. క్యాన్సర్ కణాల ఎక్సోజోమ్‌లు అడ్రినోమెడులిన్ అనే పదార్థాన్ని మోసుకెళ్లి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి చేరి, వాటిని పని చేయనివ్వకుండా చేస్తున్నాయి. మరుసటి ఏడాది అదే సంస్థ నుంచి ఇంకో సంగతి వచ్చింది. అవే తిత్తులు కొవ్వు కణాల్లోకి చేరి నిల్వ కొవ్వును కరిగించగలవు. రోగి చిక్కిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ పనిలో క్యాన్సర్ కణం ఎక్కడికీ వెళ్లలేదు. ఉన్నచోటనే ఉంది. ఇన్సులిన్ పడిపోయింది, కొవ్వు కరిగింది. చేసినవి కణం లేని తిత్తులే. కణం లేదు కనుక అదుపు తప్పి పెరగదు అన్నంతవరకు వాళ్ల మాట నిజం. అక్కడి నుంచి ప్రమాదం లేదు అన్న మాటకు దూకడమే తప్పు. పైగా కణం లేకపోయినా ఫలితం ఉంటుందన్నదే కదా క్లినిక్‌లు చేస్తున్న అమ్మకం! జుట్టు మొలిపించేంత బలం ఉన్నదానికి చేటు చేసే బలం మాత్రం ఉండదంటే ఎలా నమ్మడం?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ముఖానికి ఎక్సోజోమ్ పూసుకుంటే క్యాన్సర్ వస్తుందని నేను అనడం లేదు. అలాంటి రుజువు లేదు. లేనిదాన్ని చూపి భయపెడితే నాకూ ఆ ప్రకటనలకూ తేడా ఉండదు. నేనంటున్నది ఇంతే: కొత్త రక్తనాళాలు మొలిపిస్తుంది, కణాల్ని చురుగ్గా పెంచుతుంది, వాపును అణుస్తుంది అని ఆ ప్రకటనలు ఏ మూడు గుణాల్ని పొగుడుతున్నాయో, ఒంట్లో ఎక్కడైనా కనపడకుండా ఉన్న గడ్డకు కూడా ఆ మూడూ కలిసొచ్చేవే. స్టెమ్‌సెల్స్ నుంచి తీసిన తిత్తుల్ని క్యాన్సర్ కణాల మీద ప్రయోగించినప్పుడు కొన్ని ప్రయోగాల్లో గడ్డ తగ్గింది, కొన్నింటిలో పెరిగింది. శాస్త్రం ఇంకా తేల్చని సంగతిని క్లినిక్ గోడ మీద తేలిపోయినట్టు రాయడం అబద్ధం కిందే లెక్క.

మూడో వాదం అన్నిటికంటే తెలివైనది, అందుకే దాన్ని తీరిగ్గా విప్పాలి. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో ఎక్సోజోమ్‌లతో వైద్యం జరుగుతోందన్న మాట నిజమే. ఆ పని వెనక ఉన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్లిన రఘు కల్లూరి. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో ఆయన బృందం చేసింది ఏమిటో తెలిస్తే, దాన్ని ఫేషియల్‌కు సాక్ష్యంగా చూపడానికి ఎవరికైనా నోరు రాదు.

క్లోమ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా క్రాస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పుల్లో జీ12డీ అనేది ఎక్కువగా కనిపించే రకం. ఆ ఒక్క అక్షరదోషాన్ని గుర్తుపట్టి దాని నోరు నొక్కే చిన్న ఆర్ఎన్ఏ ముక్కను తయారుచేసి, దాన్ని ఎక్సోజోమ్‌లో పెట్టి ఎలుకలకు ఇచ్చారు. తిత్తి మీద ఉండే సీడీ47 అనే ప్రొటీన్ వల్ల కాపలా కణాలు దాన్ని వెంటనే మింగేయకుండా ఉంటాయని, కాబట్టి సరుకు గడ్డ దాకా చేరుతుందని చూపించారు. ఎలుకల్లో గడ్డ ఎదుగుదల తగ్గింది, ఆయుష్షు పెరిగింది. ఇది 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత వాళ్లు దాన్ని నేరుగా రోగులకు అమ్మకానికి పెట్టలేదు. మందు తయారీ ప్రమాణాలకు తగ్గట్టు తిత్తుల్ని తయారుచేసి, ప్రభుత్వ జాబితాలో నమోదుచేసి, జబ్బు ఇతర అవయవాలకు పాకి, ఆ ప్రత్యేకమైన జన్యుమార్పు ఉన్న రోగుల్లో మొదటి దశ పరీక్ష మొదలుపెట్టారు. మొదటి దశ అంటే ఏ మోతాదు ఒంటికి పడుతుందో చూసుకునే దశ.

ఎవరు రాశారో తెలుసు, లోపల ఏముందో తెలుసు, ఎవరికి చేరాలో తెలుసు. ఇంత తెలిసీ అడుగడుగునా జాగ్రత్త పడుతున్నారు. ఏమీ తెలియని సీసాను ఆ పని పేరు చెప్పి అమ్మడం ఆ శాస్త్రవేత్తల పరువును వాళ్లకు చెప్పకుండా వాడుకోవడమే.

అదే బృందం జీవితంలో మరో పాఠం కూడా ఉంది. 2015లో రక్తంలోని ఎక్సోజోమ్‌ల మీద గ్లిపికాన్-1 అనే ప్రొటీన్‌ను చూసి క్లోమ క్యాన్సర్‌ను తప్పు లేకుండా పసిగట్టవచ్చని వాళ్లు ప్రకటించారు. లోకమంతా ఆశపడింది. ఇతర ప్రయోగశాలలు అదే పరీక్ష చేసి చూస్తే అంత కచ్చితత్వం రాలేదు. శాస్త్రం నడిచే తీరే అది. ఒకరు చెబుతారు, పదిమంది పరీక్షిస్తారు, నిలబడ్డది మిగులుతుంది. నేచర్‌లో అచ్చయిన ఫలితానికే ఆ పరీక్ష తప్పనప్పుడు, ఒక కరపత్రంలో అచ్చయిన మాటకు మినహాయింపు ఎవరిచ్చారు?

ఇప్పుడు ఆ సీసాను చేతిలోకి తీసుకుని చూద్దాం. వేలెడంత గాజు సీసా, అడుగున తెల్లటి పొడి, పక్కన దాన్ని కలపడానికి ఇంకో సీసా ద్రవం. పెట్టె మీద వందల కోట్ల ఎక్సోజోమ్‌లు అని ఒక అంకె. ఆ అంకె సాధారణంగా ఎలా వస్తుందంటే, ద్రవం మీదికి లేజర్ కాంతి వేసి, మెరిసే చుక్కల కదలికను కెమెరాతో పట్టి లెక్కపెడతారు. మామూలుగా వాడే ఆ యంత్రానికి ఎక్సోజోమ్‌కూ, ముద్దకట్టిన ప్రొటీన్‌కూ, కొవ్వు బిందువుకూ తేడా తెలియదు. మెరిసిందల్లా ఒకటే లెక్క. అందుకే ఈ రంగంలోని అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం 2018లోనూ, 2023 పేరుతో తెచ్చిన మార్గదర్శకాల్లోనూ అంకె ఒక్కటే చాలదని, ఏ కణం నుంచి వచ్చాయి, పొర మీద ఏ ప్రొటీన్లున్నాయి, కలుషితాలు ఎంత అన్నవి చూపాలని పట్టుబట్టింది. అవి ఎక్కడ పుట్టాయో రుజువు లేకుండా ఎక్సోజోమ్ అన్న పేరే వాడొద్దని, కణం వెలుపలి తిత్తులు అనే సాధారణమైన పేరుతో పిలవమని చెప్పింది. శాస్త్రవేత్తలు పేరు పెట్టడానికే వెనకాడుతున్నదానికి క్లినిక్‌లు ధర పెట్టేశాయి.

ఇలాంటి సీసాలకు పెద్ద మార్కెట్ అయిన దక్షిణ కొరియాలోనే ఇవి పైపూతకు వాడే సౌందర్య సాధనాలు. సూదితో లోపలికి ఎక్కించడానికి అక్కడ అనుమతి లేదు. మన దగ్గర వాటిని చర్మం మీద చిన్న సూదులతో వందల రంధ్రాలు చేసి, ఆ రంధ్రాల మీద పోస్తున్నారు. పైపూత అన్న మాటకు అప్పుడు అర్థం ఏం మిగిలింది? పైపొర దాటి సూది దిగాక అది ఇక సౌందర్య సాధనంగా మిగలదు, మందు చేసే పనికి దిగినట్టే. మందుకు పెట్టే పరీక్షలన్నీ దానికీ పెట్టాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకూ ఏ ఎక్సోజోమ్ ఉత్పత్తికీ ఆమోదం ఇవ్వలేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు, రక్తసంబంధ జబ్బుల్లో మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్‌సెల్ వైద్యమంతా అనుమతి పొందిన పరీక్షల్లోనే జరగాలని చెప్పాయి. స్టెమ్‌సెల్ దారి మూసుకుపోయేసరికి స్టెమ్‌సెల్ నుంచి తీసిన ద్రవంతో అదే వ్యాపారం కొత్త వేషం కట్టింది.

ఇక నాలుగో వాదం: ఎవరికీ ఏమీ కాలేదు. లెక్కపెట్టేవాళ్లు ఉన్నచోటే ఆ మాటకు విలువ. ఎన్ని సీసాలు వచ్చాయో, ఎవరికి ఎక్కించారో, ఏడాది తర్వాత వాళ్లెలా ఉన్నారో రాసిపెట్టే పుస్తకం ఏదీ? లెక్క పెట్టినచోట కథ వేరుగా ఉంది. అమెరికాలోని నెబ్రాస్కాలో ఆమోదం లేని ఎక్సోజోమ్ ఉత్పత్తులు వాడినవారికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయని తేలి, 2019 డిసెంబరులో ఎఫ్‌డీఏ దేశమంతటికీ హెచ్చరిక జారీచేసింది.

కాలం సంగతి కూడా చూడాలి. క్లోమ క్యాన్సర్‌లో మొదటి జన్యుమార్పు నుంచి అసలైన క్యాన్సర్ కణం తయారయ్యేసరికే పదేళ్లకు పైగా పడుతుందని 2010లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన అంచనా వేసింది. ఇలాంటి నిదానమైన జబ్బుల విషయంలో రెండు మూడేళ్లుగా ఏమీ కాలేదు అన్న మాట ఎందుకూ కొరగాదు. కాలేదని ఎవరూ చూడలేదు. చూడవలసినంత కాలం ఇంకా గడవనూ లేదు.

నా డబ్బు, నా ముఖం, నా ఇష్టం అనేవారు ఉంటారు. అది నిజంగా వాళ్ల ఇష్టమే. కానీ ఇష్టానికి ముందు తెలిసి ఒప్పుకోవడం ఉండాలి. సీసాలో ఏముందో చెప్పేవాడికే తెలియనప్పుడు ఒప్పుకునేవాడికి ఏం తెలుస్తుంది? పైగా ఫిల్మ్‌నగర్‌లో ఒకరి ఇష్టం ఒకరితో ఆగదు. ఒక నటి రీల్‌లో ముఖం చూపిస్తే కృష్ణానగర్‌లో అద్దెగదిలో ఉంటూ ఛాన్సుల కోసం తిరిగే అమ్మాయి అప్పు చేసి అదే సీసా కొంటుంది. ఆ అప్పుకు జవాబుదారీ ఎవరు?

సినిమా వాళ్ల మాటకున్న బలం చెడ్డదని నేననను. భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో కన్నుమూశాక ఎన్.టి.రామారావు గారు తలపెట్టిన ఆస్పత్రి 2000 జూన్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారి చేతుల మీదుగా మొదలై, ఫిల్మ్‌నగర్‌కు దగ్గర్లోనే, బంజారాహిల్స్‌లో ఇవాళ వేలమంది పేద రోగులను ఆదుకుంటోంది. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు తనకు క్యాన్సర్ ఉందని తానే అందరి ముందూ చెప్పారు. ఆ జబ్బు పేరు ఇంట్లో కూడా గుసగుసగా చెప్పుకునే సమాజంలో ఆ ఒక్క ప్రకటన చేసిన మేలు మామూలుది కాదు. అంత గౌరవం సంపాదించిన గొంతు ఇవాళ సీసాల ప్రచారానికి వాడుకలోకి రావడం బాధగా ఉంది.

ఆ గొంతు చెప్పవలసినవి వేరే ఉన్నాయి. 2022లో ప్రపంచంలో సుమారు 5 లక్షల 10 వేలమందికి క్లోమ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, సుమారు 4 లక్షల 67 వేలమంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే ఆ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతోందో తెలుస్తుంది. మన ప్రాంతాల్లో క్లోమంలో రాళ్లు కట్టే దీర్ఘకాలపు వాపు జబ్బు కూడా ఉంది. అది ఉన్నవారికి ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. దాని జన్యుమూలాన్ని వెతికి 2002లో లోకానికి చూపినవారిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ శాస్త్రవేత్తలు, వైద్యులు ఉన్నారు. నిజమైన పని మన ఊళ్లోనే జరుగుతోంది. దాని గురించి రీల్స్ ఎవరూ చేయరు.

కాబట్టి పాఠకులకు నా విన్నపం. 50 దాటాక కొత్తగా షుగర్ బయటపడి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, నొప్పి లేని కామెర్లు వస్తే, వీపులోకి పాకే కడుపునొప్పి తగ్గకపోతే వెంటనే జీర్ణకోశ వైద్యుణ్ణి కలవండి. కొత్త షుగర్ వచ్చిన నూరుమందిలో దాదాపు ఒకరికే మూడేళ్లలో ఈ క్యాన్సర్ బయటపడుతుంది, కాబట్టి బెంబేలెత్తవద్దు, అశ్రద్ధా చేయవద్దు. పొగాకు మానండి.

ఎవరైనా ఎక్సోజోమ్ సీసా చూపిస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ కణం నుంచి వచ్చింది, లోపల ఏముందో ఈ బ్యాచ్ పరీక్ష కాగితం ఎక్కడ, దీన్ని సూదితో ఒంట్లోకి పంపడానికి అనుమతి ఎవరిచ్చారు? జవాబులు కాగితం మీద రాకపోతే లేచి వచ్చేయండి. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ, వైద్య మండలి ఈ ప్రశ్నలే క్లినిక్ తలుపు తట్టి అడగాలి. ప్రచారానికి ఒప్పుకునే ముందు నటీనటులూ ఇవే అడగాలి. జవాబు లేని సీసా ఎంత మెరిసినా అది మందు కాదు, దాన్ని అమ్మడం వైద్యం కాదు.